ఎంత ముక్క మార్చాలి?

బందరులో కంప్యూటరు షాపుల ముందు ‘ల్యాప్‌టాప్ స్క్రీన్ రిపేరు చేయబడును’ అని బోర్డులుంటాయి గాని, పగిలిన స్క్రీన్ని రిపేరు చేసేవాడు బందరులోనే కాదు, ఎక్కడా లేడు. పగిలినదాన్ని ఊడదీసి అవతల పెట్టి, ఇంకోటి బిగిస్తారు. దాన్నే మనం రిపేరు అంటున్నాం. అదే షాపువాడు ల్యాప్‌టాపు మొత్తాన్ని అవతల పెట్టి ఇంకోటి చేతికిస్తే ‘కొత్తది కొన్నాం’ అంటాం. రెండిట్లోనూ జరిగింది మార్చడమే. ఎంత ముక్కని మార్చామన్నదే తేడా.

ఈ పనికి మనకి మాటల కరువు లేదు. ‘మరమ్మతు’ అరబ్బీలో పుట్టి పారశీకం మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది. ‘రిపేరు’ ఇంగ్లీషువాడిచ్చింది. మన సొంతమాట ‘బాగుచెయ్యడం’. అయితే ఈ పెద్ద మాటల కింద ఇంకా చిన్న మాటలుండేవి. బిందెకి చిల్లు పడితే మాటు వేయించేవాళ్ళు. ఇత్తడి గిన్నె లోపల పూత పోతే కళాయి పెట్టించేవాళ్ళు. మంచం కుంగితే నులక బిగించేవాళ్ళు. చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసు రంగు మారితే మళ్ళీ పూత వేయించుకునేవాళ్ళు, ఇప్పటికీ వేయించుకుంటున్నారు. నాగాయలంక రేవులో వల చిరిగితే చిరిగిన కళ్ళ మేరకే మళ్ళీ అల్లుకుంటారు, వలంతా పారేసుకోరు. ఈ మాటల్లో దేన్ని తీసుకున్నా, వస్తువులో ఏ ముక్క మారుతోందో ఆ మాటే చెబుతుంది. కళాయి అంటే తగరపు పూత మాత్రమే. మాటు అంటే చిల్లు ఉన్నంత మేర మాత్రమే. ‘రిపేరు’ వచ్చి ఇవన్నీ ఒకే గంపలో వేసేసింది. గంపలో ఏముందో చూడకుండానే బేరమాడుతున్నాం.

ఈ ఆలోచనంతా 2025 మే నెలలో మా ఇంట్లో వచ్చిన ఓ చిక్కు వల్ల మొదలైంది. ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. 16,347 టీచరు పోస్టులు, పరీక్షలు జూన్ 6 నుంచి, అన్నీ కంప్యూటరు మీదే. 2018 తర్వాత మళ్ళీ డీఎస్సీ జరగడం అదే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో ఒక ప్రకటన వచ్చి, పరీక్ష దాకా పోకుండానే రద్దయింది. డీఎస్సీ శిక్షణకి అవనిగడ్డ రాష్ట్రమంతా పేరున్న ఊరు. ఎక్కడెక్కడి జిల్లాల వాళ్ళో వచ్చి గదులు అద్దెకి తీసుకుని చదువుతారు. నాగాయలంకలో ఉండే మా అన్నయ్య కూతురు రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. 2018లో ఓసారి రాసి, కొద్దిలో పోగొట్టుకున్న పిల్ల. అప్పుడు కొన్న ల్యాప్‌టాపే ఇప్పుడూ. సాయంత్రం ఇంటికొచ్చి దాని మీద నమూనా పరీక్షలు రాసుకునేది. ఒకరోజు వాళ్ళ తమ్ముడు పాటలు విని, ఇయర్‌ఫోను కీబోర్డు మీదే వదిలేసి మూత మూశాడు.

“బాబాయ్, కుడిపక్కంతా సిరా ఒలికినట్టైపోయింది. ఎడంపక్కన గీతలు. నాన్న కొత్తది కొనేద్దాం అంటున్నాడు గానీ, ఆయన దగ్గర ఎక్కడున్నాయి?” అని ఫోన్ చేసింది. 

మా అన్నయ్యది రొయ్యల చెరువు. ఆ ఏప్రిల్లోనే అమెరికా సుంకాల కబురు వచ్చి, రొయ్య ధర పడిపోయింది. కౌంటు ఎంతున్నా కొనేవాడు మొహం చాటేస్తున్న రోజులు. కొత్త ల్యాప్‌టాపుకి 38,000. బెజవాడలో కంపెనీవాళ్ళ సర్వీసు సెంటరుకి నేను ఫోన్ చేస్తే 14,800 అన్నారు, రెండు వారాలు పడుతుందన్నారు. అది ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. స్క్రీన్ ఒక్కటే ఇవ్వరట, పై మూత మొత్తం ఒక ముక్కగా వస్తుందట. దాంతోపాటు కెమెరా, కీళ్ళు, తీగలు, వెనక ప్లాస్టిక్కు అన్నీ. అవన్నీ బాగానే ఉన్నాయి కదా అంటే, “పార్టు నంబరు అలాగే ఉంది సార్” అన్నాడు అవతలి కుర్రాడు. అతన్ని అనడానికేం లేదు. ఎంత ముక్క మార్చాలన్నది అతను నిర్ణయించింది కాదు.

బందరులో ఓ షాపులో ప్యానెలు ఒక్కటే 5,200 అన్నారు.

పగిలిన తెర ఎందుకు అతకదో చెప్పుకోవాలి. తెర అంటే మనకి నాటకాల గుడ్డ గుర్తొస్తుంది గాని, ఇది రెండు పలచటి గాజుపలకల కూర్పు. రెండిటి మధ్య సందు వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. ఆ సందులో ద్రవస్ఫటికం ఉంటుంది. పారేది ద్రవంలా, అణువుల అమరిక స్ఫటికంలా. ఇలాంటి పదార్థాన్ని మొదట గమనించింది కంప్యూటరువాళ్ళు కాదు, వృక్షశాస్త్రజ్ఞుడు. 1888లో ఫ్రీడ్రిఖ్ రైనిట్సర్ అనే ఆస్ట్రియన్, కొలెస్టరాలుతో చేసిన ఒక పదార్థాన్ని వేడిచేస్తుంటే అది రెండుసార్లు కరిగింది. 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసకగా ఉండిపోయింది, 178.5 దగ్గర తేటపడింది. ఆ మసక దశేమిటో తేల్చుకోలేక ఆయన ఓటో లేమాన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడికి రాశాడు. ఆ మసకలోంచే ఎనభై ఏళ్ళ తర్వాత, 1968లో, అమెరికాలో జార్జ్ హైల్‌మయర్ బృందం తెర తయారుచేసి చూపించింది.

ఈ కథలో మన దేశపు అధ్యాయం ఒకటుంది, చాలామందికి తెలీదు. అప్పటిదాకా ద్రవస్ఫటికాలన్నీ కడ్డీల్లాంటి పొడుగాటి అణువులతోనే ఏర్పడతాయనుకునేవాళ్ళు. బిళ్ళల్లాంటి గుండ్రటి అణువులతోనూ ఏర్పడతాయని 1977లో బెంగుళూరు రామన్ పరిశోధనా సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్, ఆయన సహచరులు చూపించారు. ‘ప్రమాణ’ అనే మన పత్రికలోనే అచ్చేశారు. ఈ చంద్రశేఖర్, విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్‌కి మేనల్లుడు. నోబెల్ వచ్చిన చంద్రశేఖర్ వేరు, ఆయన రామన్ అన్నగారి కొడుకు. తెరని పక్కనుంచి చూస్తే రంగులు తిరగబడే జబ్బు పాత ల్యాప్‌టాపులకి ఉండేది. 1990లలో ఒక జపాన్ సంస్థ ఈ బిళ్ళ అణువులతోనే పలచటి పొర చేసి దానికి మందు కనిపెట్టింది. 1977 అంటే దివిసీమవాళ్ళకి ఇంకో సంగతి మాత్రమే గుర్తు. నవంబరు 19. ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. మా మండలంలోని సొర్లగొందిలో ఆ తర్వాత బాగుచేసుకోవడానికంటూ పెద్దగా ఏమీ మిగల్లేదు. అలాంటప్పుడు ‘బాగుచెయ్యాలా, మార్చాలా’ అన్న ప్రశ్నే పుట్టదు. ఆ ప్రశ్న పుట్టిందంటే, వస్తువులో ఇంకా కొంత మిగిలి ఉందన్నమాట.

తెర సంగతికొస్తే, మా అమ్మాయి ల్యాప్‌టాపులో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. మొత్తం 10,49,088. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గళ్ళు. ఒక్కో గడికి గాజు మీదే ముద్రించిన ఒక ట్రాన్సిస్టరు. అంటే ముప్ఫయి ఒక్క లక్షల చిల్లర ట్రాన్సిస్టర్లు, వాటికి అడ్డంగానూ నిలువుగానూ కంటికి కనపడని తీగలు. గాజు పగిలితే ఆ తీగలు తెగుతాయి, అవే గీతలు. ద్రవం సందులోంచి జారుతుంది, అదే సిరా మరక. దీన్ని అతికే మాటు లేదు. కానీ గమనించండి, వెనక వెలిగే దీపం బాగానే ఉంది, తీగ బాగానే ఉంది, కంప్యూటరు తెర పగిలిందన్న సంగతే తెలీకుండా తన పని తాను చేసుకుపోతోంది.

ఈ తెరకి ముందుతరం పిక్చరు ట్యూబు. దాని కథ చూస్తే ముక్క సైజు ఎలా పెరుగుతూ వచ్చిందో తెలుస్తుంది.

అంతకన్నా ముందు రేడియో. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. వాల్వుల రేడియోల కాలంలో రిపేరు అంటే ఒక వాల్వు మార్చడం, ఒక కెపాసిటరు మార్చడం, ఊడిన తీగని సీసంతో అతకడం. డెల్టాలో చిన్న చిన్న ఊళ్ళలో కూడా రేడియో మెకానిక్కులు తయారయ్యారు. వాళ్ళలో కాలేజీ మొహం చూసినవాళ్ళు తక్కువ. తపాలాలో పాఠాలు తెప్పించుకునో, ఇంకో మెకానిక్కు దగ్గర ఊడ్చి తుడిచి నేర్చుకునో పైకొచ్చారు. అప్పుడు మారే ముక్క గోరంత.

టీవీ వచ్చాక మనవాళ్ళు ఈ విషయాన్ని ప్రభుత్వస్థాయిలో ఆలోచించిన సందర్భం ఒకటుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో ఇస్రో టీవీ చూపించింది. సైట్ అనేవాళ్ళు దాన్ని. మన రాష్ట్రమూ అందులో ఉంది. ఆ సెట్లు తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్, ఎ.ఎస్. రావు గారు నిలబెట్టిన సంస్థ. రోడ్డు కూడా సరిగ్గా లేని పల్లెలో సెట్టు పాడైతే ఎలా? దాన్ని పట్నానికి మోసుకెళ్ళడం కుదరదు. అందుకని సెట్లతోపాటే వాటిని చూసుకునే కేంద్రాలూ, జీపులూ, మనుషులూ కావాలని ముందే లెక్క వేసుకున్నారు. చెడిపోవడం అనేది ఎప్పుడో జరిగే ప్రమాదం కాదు, రోజువారీ వ్యవహారం అని ఒప్పుకుని మొదలుపెట్టిన పథకం అది. ఉపగ్రహం గురించి ఎంతైనా రాశారు గాని, నన్నడిగితే ఆ జీపుల గురించి ఒక పుస్తకం రావాల్సింది.

తర్వాత ఇంటింటికీ టీవీలొచ్చాయి. పిక్చరు ట్యూబు పోయిందంటే ఇంట్లో చావు కబురు లాగే ఉండేది. సెట్టు ధరలో పెద్ద వాటా దానిదే. అయినా అప్పుడు కూడా ఒక దారి ఉండేది, రీగన్నింగ్. ట్యూబులో సాధారణంగా అరిగేది మెడ దగ్గరుండే ఎలక్ట్రాన్ గన్ను. గాజు బుడ్డి, దాని లోపలి పూత బాగానే ఉంటాయి. మెడ కోసి, పాత గన్ను తీసి, కొత్తది పెట్టి, గాలి లాగేసి మళ్ళీ సీలు వేసేవాళ్ళు. అలాంటి ట్యూబులు కొత్తవాటి కన్నా తక్కువ ధరకి దొరికేవి. బొమ్మ కొంచెం మసక అనేవాళ్ళూ ఉన్నారు, తేడా తెలీలేదనేవాళ్ళూ ఉన్నారు. ఏదైనా, తెరకి కళాయి పెట్టించడం లాంటిది అది. గాజుతెరని నిజంగా ‘బాగుచేసిన’ చివరి కాలం అదే అనుకుంటాను.

ద్రవస్ఫటికాల తెర వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ప్యానెలు అంతా ఒకే ముక్క. దీన్ని ఎవరి కుట్రగానో చూడనక్కర్లేదు. ముప్ఫయి లక్షల ట్రాన్సిస్టర్లని విడదీసి అతికే చెయ్యి ఎక్కడా ఉండదు. అయితే ప్యానెలు దాకా ఉన్న పరిస్థితి వేరు, దాని చుట్టూ జరిగింది వేరు. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సి 10.4 అంగుళాల రంగుల తెరతో వచ్చింది. ఆ వరసలోని ల్యాప్‌టాపులకి ఏ మర ఎక్కడ ఉందో, దేని తర్వాత ఏది విప్పాలో చెప్పే పుస్తకాలు ఎవరైనా చూసుకునేలా ఉండేవి. తెర చుట్టూ చట్రం, చట్రానికి మరలు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2012లో, ఆపిల్ రెటినా మ్యాక్‌బుక్ ప్రో తెచ్చింది. అందులో తెరా మూతా కలిసి ఒకే ముక్క, బ్యాటరీ జిగురుతో అతికించారు, మెమరీ బోర్డుకే కలిపేశారు. పలచగా, అందంగా ఉంది, నిజమే. విప్పి చూసేవాళ్ళు మాత్రం ఇంతకన్నా బాగుచెయ్యరాని ల్యాప్‌టాపు లేదన్నారు. తర్వాత మిగతావాళ్ళు కూడా ఎంతో కొంత అదే దారి పట్టారు. టచ్ స్క్రీన్ల విషయంలో పై గాజునీ ప్యానెలునీ కలిపి అతికెయ్యడం మామూలైపోయింది. మారే ముక్క ప్యానెలు నుంచి మూత దాకా, మూత నుంచి వస్తువు దాకా పెరిగింది.

ముక్క సైజునీ మార్పునీ ఎలా ఆలోచించాలన్నదానికి, మా డెల్టావాళ్ళ కళ్ళెదురుగా ఉన్న ఉదాహరణ కృష్ణ మీద ఉంది. ల్యాప్‌టాపుకీ ఆనకట్టకీ పోలికేమిటని నవ్వుకోకండి. నాగాయలంక ఆ నీటికి చిట్టచివర ఉన్న ఊరు. పైన ఏ చిన్న మరమ్మతు జరిగినా, జరక్కపోయినా, మాకు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా వచ్చే నీళ్ళలో తెలుస్తుంది. వేసవిలో కాలవలు కట్టేసి బాగుచెయ్యకపోతే ఆగస్టులో శివారు చేలు ఎండుతాయి.

బెజవాడ దగ్గర పాత ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాటన్ ఆమోదించిన పథకం, కట్టించింది కెప్టెన్ చార్లెస్ ఓర్. ఇసక మీద నిలబడ్డ కిలోమీటరు పైచిలుకు రాతికట్ట. దాని గుట్టంతా ఏటేటా చేసే సేవలో ఉంది. వరద కొన్ని రాళ్ళని కొట్టుకుపోతుంది, వేసవిలో వాటి చోట మళ్ళీ రాళ్ళు పడతాయి. తర్వాత కట్ట మీద తలుపులు అమర్చి ఇంకొంచెం నీళ్ళు నిలిపారు. మారే ముక్క ఒక రాయి, ఒక తలుపు. అలా 97 ఏళ్ళు నడిచింది. 1952లో గండి పడింది. మరుసటి ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1954 ఫిబ్రవరి 13న కొత్త బ్యారేజీ పని మొదలుపెట్టి, 1957 డిసెంబరు 24న తెరిచారు. 70 గేట్లు, పైన రోడ్డు. ఆ మే నెలలోనే కన్నుమూసిన ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు.

ఇక్కడ నేను గమనించిన సంగతి ఒకటి. పాతది బాగుపడదు కాబట్టి కొత్తది కట్టారని మనం చెప్పుకుంటాం. అంతే అయితే గండి మేర రాయి కట్టి ఊరుకోవచ్చు. పాత ఆనకట్ట ఇవ్వలేనివి కొత్తగా కావలసివచ్చాయి. వరదొస్తే ఎత్తి, ఎండొస్తే దించే గేట్లు కావాలి. నది దాటే రోడ్డు కావాలి. ఎన్ని రాళ్ళు మార్చినా ఆ రెండూ పాత కట్ట ఇవ్వదు. మార్చడానికి సరైన కారణం పగలడం కాదు, పాతది బాగుపడినా మన పని సాగకపోవడం. ఇది నేను ల్యాప్‌టాపుకి కూడా వర్తింపజేశాను. మా అమ్మాయికి కావలసిందేమిటి? నూట అరవై ప్రశ్నలు తెరమీద చూసి, మౌసుతో గుర్తుపెట్టే అలవాటు. ఆ పని పాతది చేస్తుందా? నిక్షేపంగా.

రెండో సంగతి ఇంకా కొత్తది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. 1953 నాటి డ్యామ్, 33 గేట్లు. కొత్త గేటు చేయించేదాకా ఆగితే నీళ్ళన్నీ పోతాయి. కన్నయ్యనాయుడు అనే విశ్రాంత ఇంజనీరు సలహాతో ఆ ఖాళీలో స్టాప్‌లాగ్ దించారు. ఇనుప పలకల్ని ఒకదాని మీద ఒకటి దింపి ప్రవాహాన్ని ఆపడం. పారుతున్న నీళ్ళలోనే, వారం తిరిగేసరికి పని అయిపోయింది. డ్యామ్‌లో నీళ్ళు నిలిచాక, అప్పుడు తీరిగ్గా, గేట్లన్నిటినీ పరీక్షించి మొత్తం 33నీ మార్చాలని తేల్చారు. తర్వాత నెల తిరక్కుండానే, సెప్టెంబరు 1 నాటి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీకి గుద్దుకున్నాయి. గేట్లు నిలిచాయి, వాటిని ఎత్తడానికి సాయపడే కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆ పెద్దాయనే మళ్ళీ వచ్చి, అక్కడ ఆ ముక్కల మేరకే మార్పించారు. ఒకే మనిషి, ఒకే ఋతువు, రెండు చోట్ల రెండు రకాల జవాబులు.

గండిని ఆపడం ఒక నిర్ణయం, గేటు మార్చడం ఇంకో నిర్ణయం. రెండిటినీ ఒకేసారి తీసుకోబోతే రెండూ చెడతాయి. తెర పగిలిన సాయంత్రం మనం చేసే పొరపాటు సరిగ్గా ఇదే. కంగారులో, చేతిలో ఫోనుతో, రాత్రి పన్నెండింటికి కొత్తది ఆర్డరు పెట్టేస్తాం.

కాబట్టి మా స్టాప్‌లాగ్ హాల్లో టీవీ. ల్యాప్‌టాపులన్నిటికీ దాదాపుగా హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటుంది. మూడు వందల తీగ ఒకటి అవనిగడ్డలో దొరికింది. ఆ రాత్రే ఆ పిల్ల చాపమీద కూర్చుని, గోడమీది టీవీలో నమూనా పరీక్ష రాసింది. ఐపీఎల్ రోజులు. వాళ్ళ తమ్ముడు మ్యాచి ఫోనులో చూసుకోవలసివచ్చింది. “వాడికి ఆ మాత్రం శిక్ష పడాలి బాబాయ్” అంది. కంపెనీవాడు చెప్పిన రెండు వారాలూ, బందరువాడు చెప్పిన రెండు రోజులూ అప్పుడు ఒకేలా కనిపించడం మొదలైంది. కంగారు పోయింది, లెక్క మిగిలింది.

లెక్కలో సాధారణంగా ఒక సూత్రం చెబుతారు. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనమని. జీతం నెలనెలా పడేవాళ్ళు కట్టిన సూత్రమిది. పట్టుబడి అయ్యేదాకా చేతిలో డబ్బాడని రొయ్యల రైతుకి 38,000లో సగం అంటే ఏమీ కాదు. ఇవాళ ఇంట్లో ఉన్న 6,000 లోపల ఏం జరుగుతుందన్నదే ముఖ్యం.

కానీ కొత్తది కొనమన్నవాళ్ళ దగ్గర ఒక గట్టి వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టెయ్యకూడదు. ఈ ల్యాప్‌టాపులోది ఇంటెల్ ఏడో తరం చిప్పు. విండోస్ 11 ఎనిమిదో తరం నుంచే ఎక్కుతుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని అప్పటికే ప్రకటించారు. అయిదు నెలల్లో పాతబడబోయే దానికి అయిదు వేలెందుకు అన్నాడు మా అన్నయ్య. నిజమే. ఇక్కడ పగిలింది ఏదీ లేదు, చిప్పు శుభ్రంగా పనిచేస్తోంది. పైవాడెవడో గీత గీశాడు, ఇది అవతల పడింది. ముక్క సైజు నిర్ణయించడంలో ఇది ఆఖరి మెట్టు. ఏ ముక్కా చెడకుండానే మొత్తం మార్చమనడం. దానికి నా జవాబు ఒక్కటే. పరీక్ష జూన్‌లో, గీత అక్టోబరులో. అక్టోబరు తర్వాత లినక్స్ వేసుకుంటే ఈ పెట్టె ఇంకా కొన్నేళ్ళు రాయడానికీ చదవడానికీ పనికొస్తుంది.

నేను నాగాయలంక వెళ్ళి, మేమిద్దరం అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు చేరాం. ఆ నెల 2వ తేదీనే అమరావతి సభ నుంచి ప్రధానమంత్రి మా మండలంలో క్షిపణి పరీక్షా కేంద్రానికి శంకుస్థాపన చేశారు. క్షిపణి ఎగరబోయే ఊళ్ళో ల్యాప్‌టాపు తెర దొరక్క యాభై కిలోమీటర్లు వచ్చామని ఆ షాపతను నవ్వాడు. ముప్ఫయ్యేళ్ళ లోపే ఉంటాయి. తెర చట్రాన్ని గోటితోనే టకటకా ఊడదీశాడు. ప్యానెలు వెనక చీటీ మీద నంబరు చదివాడు. మన ల్యాప్‌టాపు మీద ఏ కంపెనీ పేరున్నా, లోపలి ప్యానెలు చేసేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, చాలావరకు చైనా, తైవాన్, కొరియా వాళ్ళు. అందుకే ఒక కంపెనీ తెర ఇంకో కంపెనీ ల్యాప్‌టాపులో అమరుతుంది. అతని దగ్గర 30 పిన్నులదే ఉంది గాని, దానికి బిగించే చెవులు లేవు. “ఇది చెవులున్న మోడల్ సార్. జిగురు టేపు వేసి నిలబెట్టొచ్చు గానీ, ఏడాదికి ఊడుతుంది. రేపు బెజవాడ నుంచి బస్సులో వేయిస్తా” అన్నాడు. చెయ్యగలిగీ చెయ్యననడం నాకు నచ్చింది. మర్నాడు పార్సిల్ వచ్చింది, నలభై నిమిషాల్లో పని అయిపోయింది.

జూన్‌లో ఆ పిల్ల పరీక్ష రాసింది. అక్టోబరు 14 వచ్చింది, వెళ్ళింది. మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలని మరో ఏడాది పొడిగించే ఏర్పాటు కూడా చేసింది. గీత గీసినవాడే గీతని జరపగలడని దాంతో తేలింది.

మన ప్రభుత్వం 2022 జులైలో ఈ విషయం మీద ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమ వస్తువుల రిపేరు వివరాలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. చట్టం కాదు. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాపు కొనేటప్పుడే దాని బాగుచెయ్యదగినతనానికి పదికి ఇన్ని మార్కులని చీటీ మీద వేసి చూపించాలి. అక్కడివాళ్ళకి ముక్క సైజు కొనకముందే తెలుస్తుంది. మనకి పగిలాక తెలుస్తుంది.

బందరు షాపులో గల్లా వెనక గోడమీద ఓ అట్టముక్క వేలాడుతోంది, దానిమీద స్కెచ్చు పెన్నుతో రాసిన మోడల్ పేర్లు. ధరల పట్టీ అనుకున్నాను. అవి తను తీసుకోని మోడళ్ళట. తెర విప్పితే మూత విరిగేవి, టచ్ గాజు అతుక్కుపోయినవి, పార్టు విడిగా దొరకనివి. మొదట పదో పన్నెండో రాశాడట. ఇప్పుడు అట్ట నిండిపోయి, కింద ఇంకో అట్ట పిన్నులతో తగిలించాడు.